మచ్చల కుక్క ఎవరిది?

పత్రికాఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద బ్లాకుల బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఆ ఆఫీసులో ముప్పై ఏళ్లు బొమ్మల్ని జింకు రేకుల మీదికి ఎక్కించి, అచ్చుకు బ్లాకులు చేసి రిటైరైనవాడు. అన్నేళ్లలో ఆ పత్రికలో అతని పేరు పొరపాటున కూడా పడలేదు. పడేదుంటే ఇవాళే పడాలి. బద్ధకం దర్జీ బొమ్మల కథకు యాభై ఏళ్లు నిండాయని ప్రత్యేక పేజీ వేస్తున్నారు. దర్జీ చుట్టూ తిరిగే మిగతా పాత్రలు ఎలా పుట్టాయో రాయడానికి విలేకరి అమ్మాయి పుస్తకం తెరిచి కూర్చుంది. ఆమె పక్కన ఓ పెద్దావిడ, ఒళ్లో గుడ్డసంచీతో టీ తాగుతోంది. అమ్మాయికి అమ్మమ్మ అయ్యుంటుందనుకున్నాడు బాబాయి.

ముందు తుమ్ముల పోస్టుమాన్ సంగతి ఎత్తుకున్నాడు. బ్లాకుల గదిలో యాసిడ్ ఘాటుకు ఉత్తరాలాయన ఓసారి తుమ్మితే, దర్జీ కథ గీసే బొమ్మలాయన చూసి నవ్వాడట. అమ్మాయి రాసుకుంది. అది చూసి బాబాయికి హుషారొచ్చింది. ఆ తుమ్ముకు సంచీలో ఉత్తరాలు కిటికీలోంచి ఎగిరి, ఏ ఇంటివి ఆ ఇంటి గుమ్మంలోనే పడ్డాయన్నాడు.

"రిజిస్టరు ఉత్తరాలు కూడానా?" అన్నాడు టీ కొట్టాయన.

"సంతకాలతో సహా."

తర్వాత గొడుగత్త. ఆవిడ బాబాయికి సొంత మేనత్తేనట. గొడుగుతో ఒక దొంగను కొట్టింది. రెండో టీ వచ్చేసరికి దొంగలు ఏడుగురయ్యారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏడోవాణ్ని కొట్టబోతుంటే గాలికి గొడుగు లేచింది, గొడుగుతో అత్త లేచింది, అత్త కాలు పట్టుకున్న దొంగా లేచాడు, అంతా వచ్చి మా ఆఫీసు డాబా మీద దిగారు. బొమ్మలాయన అక్కడే కూర్చుని ఉన్నాడు, కదలొద్దని చెప్పి అత్తను గీసుకున్నాడు. ఎండగా ఉందని దొంగే గొడుగు పట్టాడు పాపం."

ఇక మేక. అది ఒక్క పూటలో పత్రిక కాపీలన్నీ మేసిందట. ఆ రోజు ఊరు ఊరంతా వరసలో నిలబడి మేక దగ్గరే వార్తలు విన్నారట.

"వాన పడుతుందో లేదో కూడా చెప్పిందా బాబాయ్?" అన్నాడు మళ్లీ టీ కొట్టాయన.

"చెప్పింది. తప్పే చెప్పిందిలే. పత్రికలో ఉన్నదే కదా అది తింది."

అమ్మాయి కలం ఎప్పుడో ఆగిపోయింది. బాబాయి అది అప్పుడే గమనించాడు. ఆమె పుస్తకం మూయబోతూ, "మరి మచ్చల కుక్క?" అంది.

"అదా... అది నాకు తెలీదు. ఏ వీధికుక్కో."

తెలీదనే మాట అతని నోట అంతవరకూ ఎవరూ వినలేదు. పెద్దావిడ గ్లాసు పక్కన పెట్టి, సంచీలోంచి పాత అట్ట ఒకటి తీసింది. మూడు గళ్ల బొమ్మ. మూడో గడిలో కుక్క. దాని ఒంటి మీద మచ్చలు సిరావి కావు, వెలిసిపోయిన టీ మరకలు.

"నేను బొమ్మలాయన భార్యను బాబూ," అంది. "బ్లాకుకు పంపిన బొమ్మ మీద ఓ పూట టీ ఒలికింది. మళ్లీ గీసే టైము లేక, మా ఆయన మరకల చుట్టూ కుక్కను గీశారు. పిల్లి తోసేసిందన్నాడట బ్లాకులబ్బాయి. ఆఫీసులో పిల్లే లేదని చివరిదాకా చెప్పి నవ్వుకునేవారు."

బెంచీ బెంచీ అంతా ఘొల్లుమంది. ఉద్యోగం పోతుందని ఆ రోజు బాబాయి ఆడిన అబద్ధం అది. ఆ తర్వాత ఎన్ని కోతలు కోసినా, దీని జోలికి మాత్రం పోలేదు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే కుక్క మీదేనా?" అమ్మాయి పుస్తకం మళ్లీ తెరిచింది. "ఒప్పుకుంటే మీ పేరుతోనే వేస్తాను."

బాబాయి ఆ మరకలకేసి చూశాడు. "నాదే," అన్నాడు మెల్లగా. అమ్మాయి రాసుకుంది, ఇంటిపేరుతో సహా. తన పేరు అక్షరం అక్షరం కాయితం మీదికి ఎక్కుతుంటే అతని మొహం విప్పారింది. నడుం నిటారుగా లేచింది.

"అయినా ఒలికిందని ఎవరన్నారమ్మా? మూడో గడి వెలితిగా ఉంటే, గురి చూసి పోశాను."

పెద్దావిడ తన గ్లాసులో మిగిలిన టీ అతని ముందుకు జరిపి, అమ్మాయి పుస్తకంలో ఖాళీ పేజీ తిప్పి చూపించింది.

"ఏదీ, ఇంకో కుక్కను పొయ్యి బాబూ, చూస్తాం."

అమ్మాయి పుస్తకాన్ని చప్పున వెనక్కి లాక్కుంది.