మావయ్య మార్చిన హార్డ్ డిస్క్

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు టీకొట్టాయన పొంగబోతున్న పాలు దించాడు. అప్పుడే మావయ్యని వెతుక్కుంటూ మేనకోడలు లాప్‌టాప్ సంచితో వచ్చి కొట్టు బయట నిలబడింది. భవనాల ప్లాన్లు గీయడం ఆమె పని. రాత్రి మావయ్య తిరిగిచ్చిన లాప్‌టాప్‌ని పొద్దున తెరిస్తే, మర్నాడు అప్పగించాల్సిన ఆసుపత్రి ప్లాన్లు ఒక్కటీ లేవు.

మావయ్య బల్ల మీద ఉన్నాడు. వీపు వీధివైపు, నోరు లోకంవైపు.

“ఎంతసేపనుకున్నావు, టైలరూ? మా అమ్మడు కొత్త లాప్‌టాప్ కొంటానంటే, ‘ఆగవే పిచ్చిమొద్దూ, ధరలు పడనీ, ఈలోగా హార్డ్ డిస్క్ మార్చిస్తా’ అన్నా. పాతది ఊడబీకా, కొత్తది బిగించా. నా టీ చల్లారనే లేదు!”

“వేగం పెరిగిందా?” అన్నాడు పక్కన టీ తాగుతున్న టైలరు.

“పెరగడమా! ఇదివరకు ఆన్ చేసి స్నానం చేసొచ్చినా తెరుచుకునేది కాదా, ఇప్పుడు మూత మీద చెయ్యి వెయ్యకముందే ‘చిత్తం’ అని లేచింది. రేపు రావాల్సిన ఉత్తరాలు నిన్ననే వచ్చేశాయి. దాని ఫ్యాన్ గాలికి ఎదురింటివాళ్ల దుప్పట్లు ఆరిపోయాయంటే నమ్ము! ఆపైన ఏం జరిగిందనుకున్నావు?”

“దుప్పట్లు మడతపెట్టిందా?” అన్నాడు టీకొట్టాయన.

“నవ్వకు. కంపెనీ పెద్దాయన ఫోన్ చేశాడు. ‘అయ్యా, పాతవి మీరిలా పరిగెత్తిస్తే మా కొత్తవాటి మొహం ఎవరు చూస్తారు? ఎప్పుడు కొనమంటారో సెలవివ్వండి, అప్పుడే విడుదల చేస్తాం’ అని బతిమాలాడు. ‘చూద్దాం’ అని ఒక్క తుమ్ము తుమ్మా. అంతే! ధరలు సగానికి పడ్డాయి. రెండోది ఆపుకున్నా, పాపం, వాళ్లూ పిల్లలు గలవాళ్లు!”

మేనకోడలు లోపలికొచ్చి లాప్‌టాప్‌ని బల్ల మీద బోర్లా పెట్టింది.

“మావయ్యా, ఈ స్క్రూ మీద షాపువాడు అంటించిన కాగితం సీలు చూడండి. చెక్కుచెదరలేదు. డిస్క్ ఎటునుంచి పెట్టారు?”

మావయ్య సీలు వంక చూశాడు. టైలరు వంగి మరీ చూశాడు.

“కుట్టు విప్పకుండా లైనింగ్ మార్చారన్నమాట” అన్నాడు.

టీకొట్టాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. మేనకోడలు మాత్రం నవ్వలేదు.

“వేగం ఎలా వచ్చిందో నేను చెప్పనా? లోపలున్నదంతా తుడిచేశారు. ఖాళీ బండి కాబట్టి పరిగెడుతోంది. అన్నీ కాపీ తీసి పెడతానని మీరే అన్నారు. ఏదీ?”

“అదేనమ్మా... కొత్త డిస్క్‌లో...”

“నేను కొనిచ్చిన ఆ డిస్క్ ఏది?”

మావయ్య ఖాళీ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు.

“పోనీ అమ్మడూ, ఇంతకీ కొత్తది కొనడానికి ఇదే మంచి సమయం...”

“నోరు మూసుకోండి!”

పెద్దవాళ్లని ఆమె అంత మాట అనడం అదే మొదటిసారి. లాప్‌టాప్‌ని సంచిలో పెట్టి, తగిలించుకుని విసురుగా వెళ్లిపోయింది.

ఆసుపత్రి పని వేరేవాళ్లకి వెళ్లింది. కొత్త డిస్క్ సంగతి నాలుగు రోజుల తర్వాత అత్తయ్య ఫోన్ చేస్తే తెలిసింది. బీరువాలో మావయ్య చొక్కాల అడుగున ఉందట. పెట్టె కూడా విప్పలేదు. పక్కనే మూడు స్క్రూడ్రైవర్లు ఉన్నాయట, మూడూ తలుపు బందులు బిగించే పెద్దవే.