నా జుట్టుకు రంగు వేసిన చేతులు

నా పేరు ఎర్లిందా పోర్తియో. భర్త కీ.శే. సతుర్నీనో. వయస్సు 63 సంవత్సరాలు. వృత్తి బలేయాదాలు, అంటే గోధుమ రొట్టెలో రాజ్మా ముద్ద పెట్టి మడిచి అమ్మడం. సొంత ఊరు హోండురాస్ దేశం, శాన్ పెద్రో సూలా, లాస్ పాల్మిటాస్ కాలనీ. ప్రస్తుతం మెక్సికోలోని తపాచులాలో, చేపల మార్కెట్ వెనక ఒక అద్దె గదిలో ఉంటున్నాను. ఈ రోజు, అనగా 2019 సెప్టెంబరు 19న, ఉదయం 10.20 గంటలకు శరణార్థుల కార్యాలయంలో అధికారిణి గారు అడిగినమీదట చెప్పునది ఏమనగా:

మార్చి 4న ఇదే బల్ల ముందు కూర్చుని నేను ఇచ్చిన వాంగ్మూలంలో ఒక అబద్ధం ఉంది. నోహెమీ నా కూతురని చెప్పాను. ఆమె నా కూతురు కాదు, కోడలు. నా కొడుకు ఓల్విన్ భార్య. ఓల్విన్ 2016లో లారీ ప్రమాదంలో పోయాడు. ఆ రోజు క్యూలో నా ముందున్న ఒకావిడ, "కోడలంటే రెండు ఫైళ్ళు చేస్తారు. నిన్ను ఉంచి దాన్ని పంపేస్తారు. కూతురని చెప్పెయ్యి" అంది. చెప్పేశాను. నోహెమీకి ఆ సంగతి తెలియదు. ఆమె తన కాగితంలో నన్ను అత్తగారనే రాయించింది. రెండూ పొసగడం లేదు కాబట్టి మా కథంతా కల్పితమని, ఆమె అర్జీ కొట్టేసి వెనక్కి పంపుతామని నోటీసు వచ్చింది. తప్పు నాది. ఆమెది కాదు.

మా కాలనీని ఏలేది ముఠా. వాళ్ళ పేరు ఎవరూ పలకరు, 'కుర్రాళ్ళు' అంటాం. మురుగు కాలువ అవతల ఇంకో ముఠా. అవతలి ఆడవాళ్ళు జుట్టుకు బంగారు రంగు వేయించుకుంటారు. అందుకని ఇవతల ఎవరూ ఆ రంగు వేసుకోకూడదని కుర్రాళ్ళ ఆజ్ఞ. నోహెమీ మా ముందు గదిలో బ్యూటీ పార్లర్ నడిపేది. ఆ రంగు డబ్బా ఒక్కటి, ఆజ్ఞకు ముందు కొన్నది, మంచం కింద ఉండిపోయింది. నా పుట్టినరోజుకు అది నా తలకు వేయమని అడిగాను. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న కోరిక. బతికున్నన్నాళ్ళూ మా ఆయన ఒప్పుకోలేదు, తర్వాత కుర్రాళ్ళు ఒప్పుకోలేదు.

"మీకేమైనా పిచ్చా అత్తయ్యా? చంపేస్తారు."

"ముసలిదాని నెత్తి ఎవడు చూస్తాడే? ఆ ఆజ్ఞ వయసు పిల్లలకి."

"వద్దన్నానా!"

అలిగాను. రెండు రోజులు ఆమె వండింది ముట్టలేదు. దాచేదేముంది, ఆమె అటు తిరగ్గానే అరటికాయ వేపుడు తిన్నాను. అది ఆమెకు ఇవాళే తెలుస్తుంది. మూడో రోజు నా పుట్టినరోజు, ఫిబ్రవరి 9, శనివారం. మధ్యాహ్నం 2 గంటలకు నోహెమీ గడియ వేసి మొదలుపెట్టి, నాలుగున్నరకు అద్దం నా చేతికిచ్చింది. "మహారాణిలా ఉన్నారు. ఇక సణగకండి" అంది. నిజంగానే చాలా బాగున్నాను. అది కూడా రాయండి మేడమ్.

ఆదివారం తలకు రుమాలు కట్టుకునే చర్చికి వెళ్ళాను. అక్కడ ఉక్కగా ఉందని తీశాను. ఉక్క కాదు, నలుగురూ చూడాలనే తీశాను.

సోమవారం, 11వ తేదీ, ఉదయం 10 గంటలకు ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఒకడు చిన్నప్పుడు రోజూ నా దగ్గర తిన్నవాడు. వాడి పేరు చెప్పను, వాళ్ళమ్మ ఇంకా అక్కడే ఉంది. "బామ్మా, నిన్నేమీ అనం. నీ రొట్టె తిని పెరిగాను" అన్నాడు. తర్వాత నోహెమీ వైపు తిరిగి, "శనివారం వస్తాం. ఆ రంగు వేసిన చేతులు పట్టుకుపోతాం" అన్నాడు. ఆమె అప్పుడు తువ్వాలు మడుస్తోంది. వాళ్ళు వెళ్ళాక కూడా అదే తువ్వాలు విప్పి మడుస్తూ, విప్పి మడుస్తూ ఉంది.

పోలీసులకు ఎందుకు చెప్పలేదని అడిగారు. స్టేషన్ నుంచి మా ఇంటికి పావుగంట నడక. మేం ఇల్లు చేరేలోపే మా మాట కుర్రాళ్ళకు చేరుతుంది.

నావి నొప్పుల మోకాళ్ళు. "నువ్వు పోవే, నన్నేమీ చేయరుగా" అన్నాను. "మీరు లేకపోతే నేనెవరితో పోట్లాడాలి?" అంది. ఓల్విన్ పోయాక పుట్టింటికి పొమ్మన్నప్పుడూ ఇదే మాట అంది. గురువారం, 14న, తెల్లవారుజామున 5 గంటల బస్సు ఎక్కాం. 17న తెప్ప మీద నది దాటి ఈ దేశంలోకి వచ్చాం.

సాక్ష్యం ఏముందని అడిగారు. కాగితాలు లేవు, నా తల ఉంది. రుమాలు విప్పి చూపించాను. దారి పొడుగునా నోహెమీ కత్తిరించేస్తానంటే నేను ఒప్పుకోలేదు. చివర్లు బంగారు రంగు, మొదళ్ళు తెలుపు. అధికారిణి గారు స్కేలు పెట్టి కొలిస్తే తెలుపు తొమ్మిది సెంటీమీటర్లు వచ్చింది. నెలకు ఎంత పెరుగుతుందో ఏ మంగలినైనా అడగండి, లెక్క ఫిబ్రవరికే తేలుతుంది. నా నోరు అబద్ధమాడింది గానీ జుట్టు ఆడలేదు.

ఒక పాయ కత్తిరించి ఫైల్లో పెడతామన్నారు. నోహెమీ తప్ప ఎవరూ నా తల ముట్టకూడదన్నాను. బయట బెంచీ మీదున్న ఆమెను పిలిచారు. వస్తూనే "మళ్ళీ ఏం పేచీ పెట్టారు?" అంది. కూతురని రాయించిన సంగతి, పాయ సంగతి చెప్పాను. ఏడ్చింది, తిట్టింది. తర్వాత "కదలకండి" అని చెవి వెనక, బయటికి కనబడని చోట చూసి కత్తిరించింది. ఆ చేతులు మీరూ చూశారు మేడమ్. నన్ను పంపేసినా సరే, ఆ రెండు చేతులనూ అలాగే ఉండనివ్వమని నా మనవి.

ఇది నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, ఎవరూ బలవంతపెట్టలేదు. పాత వాంగ్మూలంలో బంధుత్వం అన్నచోట 'కూతురు' అన్న మాట కొట్టేసి పైన 'కోడలు' అని రాశారు. కొట్టివేత పక్కన సంతకం పెట్టమన్నారు, పెట్టాను. పెట్టడానికి మనసొప్పలేదని కూడా రాయమన్నాను, రాశారు.

(సంతకం) ఎర్లిందా పోర్తియో
కుడి బొటనవేలి ముద్ర