నిలబెట్టిన రాయి

“నాయనమ్మా, మేనత్త రాయి ఎందుకు అట్లా పొరలు పొరలుగా ఊడిపోతోంది?” అని అడిగాను. నేను పుట్టకముందే, మూడేళ్ల వయసులో పోయిన మా మేనత్త గుర్తుగా చేనుగట్టు మీద నిలిపిన ఇసుకరాయి అది. నాయనమ్మ కొంగుముడి విప్పి, అందులో దాచిన రాతి పెచ్చును అరచేతిలో పెట్టుకుంది. ఆమె చెప్పినది చెప్పినట్లే రాస్తున్నాను.

ఎందుకంటవేంది బిడ్డా… నేనే ఊడగొట్టిన. అవ్, నేనే. గడ్డపార పెట్టి కాదు, నోరు పెట్టి.

మీ తాత రాళ్లు తీసేటోడు గద, నీకెరుకే. వాగవతల గుట్టకాడ. సందుల గడ్డపార పెట్టి ఒక్క పోటు పొడిస్తే రొట్టె లేచినట్టు పలక లేచేది. పెండ్లైన కొత్తల సద్ది పట్కపోతే, సద్ది కాదులే, ఆ దినం జొన్నగటక, ఒక పలక తిరగేసి చూపిచ్చిండు. దాని మీద అలలు! గోదారి నీళ్లు తీసినంక ఇసుకల చారలు పడ్తయి సూడు, అచ్చం గవే. “ఇదంత ఒకప్పుడు ఏరే. ఇసుక మీద ఇసుక పడి, బరువుకు అణిగి అణిగి రాయైంది. ఏడాదికి గోరంత కూడ పెరగదు” అన్నడు. “నువ్వు సూసినవా?” అని నవ్విన. “రాయే చెప్పింది. నీ లెక్క వాగదు” అన్నడు. గట్లుండేది ఆయన నోరు.

తర్వాత పుట్టిన పిల్లకు, మీ మేనత్తకు, మూడేండ్లప్పుడు జరం. వాగు నిండుగుంది, దవాఖానా అవతల. మూడు దినాలు ఒడ్డు మీద కూసున్నం. మీ తాత నడుముకు తాడు కట్టుకొని రెండుసార్లు దిగిండు… సరే, అది వద్దు.

మట్టిల పెట్టేముందు పిల్ల కాలు పలక మీద పెట్టి బొగ్గుతోని గీసిండు. ఒక్క కాలే. ఆ గీత మీదనే ఉలి ఏసిండు. ఫోటో లేదు, బట్టలు పిల్లతోనే పోయినయి. ఆ పాదమే మాకు పిల్ల.

ఇగ రాయి పెట్టేకాడ కొట్లాట. “పండబెట్టాలె. ఏటి అడుగున ఎట్ల పండిందో గట్లనే ఉండాలె. నిలబెడ్తే పొరల సందున వాన దిగుతది, పెచ్చులు లేస్తయి” అన్నడు. నేనిన్ననా? “పండబెడ్తే నా బిడ్డ పాదాన్ని గొడ్లు తొక్కుతయి. బాటన పొయ్యేటోళ్లు సూడాలె. నీకు రాయి గురించే బాధ. పిల్ల కోసం ఒక్క కన్నీటి చుక్క రాల్చినవా?” అన్న. గా మాటకు ఆయన గడ్డపార అందుకొని గుంత తవ్విండు. నిలబెట్టిండు. తెలిసి తెలిసి నిలబెట్టిండు బిడ్డా.

ఏటేటా వానలు వెళ్లినంక పొయ్యి వేలు పెట్టి తడిమేదాన్ని. ముందుగాల మడమ పోయింది. ఆనక చిటికెనేలు… కాదు, బొటనేలు. ఆయన పోయేదాక ఒక్కనాడు “నే చెప్పలేదా” అనలే. అన్నా బాగుండు. మొన్నటి వానకు మిగిలింది కూడ రాలింది. ఇగో, ఇదే. ముట్టుకుంటే ఇసుకైతుంది.

మీ నాయిన సారపాక కాయిదం మిల్లుల డ్యూటీ దిగి వచ్చిండు. “నల్లరాయి మీద మిషన్‌తోని చెక్కిస్తనే అమ్మా” అన్నడు. మంచోడు. గని ఏ కాలు చెక్కిస్తడు? ఎంత పొడుగని చెప్తడు? కొలత ఎవలకాడుంది?

ఈ పొడి వాగుల కలుపుత. గోదారిల పడి, ఎక్కడనో ఇసుక మీద ఇసుకై పండుతది. మల్ల రాయైతదేమో. గదాక ఎవలుంటరు, సూడనీకి…

నాకు రాయి పెడ్తే పండబెట్టున్రి. గొడ్లు తొక్కితే తొక్కనీ. నువ్వు సల్లగుండు బిడ్డా. నీ ఇంట్ల ఎవలన్న కన్నీళ్లు రాకుంట కూసుంటే, ఏడ్వలేదని మాత్రం అనకు.