రెండో బండి రంగు

మూతపడిన ఫ్యాక్టరీ షెడ్డు. మధ్యాహ్నం. గోడ కూలుస్తుంటే బయటపడ్డ పాత మూడు చక్రాల సామాన్ల బండి. దాని పక్కన ఇద్దరు: ఫ్యాక్టరీ పెట్టినాయన కొడుకు, ఒకప్పుడు అక్కడ బళ్లకు రంగులు వేసిన ముసలామె.

"తలుపుకి గడియెందుకు పెట్టావు చినబాబూ?"

"గాలికి కొట్టుకుంటోంది. నువ్వు బండి చూడు పెద్దమ్మా."

"నేల మీద ఆ నెత్తురేంటి?"

"నీకంటే ముందొచ్చినాయనది. పాత బళ్ల సంగతి తనకే తెలుసన్నాడు. నోరు జారాడు. రెండు వేళ్లు విరిచి పంపించాను."

"ఏమన్నాడేంటి?"

"అది వదిలెయ్. నాలుగింటికి మ్యూజియం వాళ్లొస్తారు. మొట్టమొదట చేసిన మూడు నమూనా బళ్లలో ఇది ఒకటోదని ఈ కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్లిపో."

"సంతకం వచ్చు నాకు. చూడకుండా ఎలా పెడతాను? ఒకటోదానికి తలుపుల్లేవు. దీనికున్నాయి."

"తర్వాత బిగించారేమో."

"మూడోదానికి కారుకున్నట్టు గుండ్రటి స్టీరింగు. దీనికి స్కూటరు హ్యాండిలు."

"అంటే ఒకటోదే."

"ఉండు, రంగు గీకనీ. పైన బూడిదరంగు, ఎవరో చీపురుతో పూసినట్టు పూశారు. దాని కింద పచ్చ... ఇది నా చెయ్యే. సీటు కింద రెండు చుక్కలు కూడా ఉన్నాయి, చూడు. నేను పెట్టినవే. ఇది రెండోది."

"కాదు."

"నా చుక్కలు నాకు తెలీవా?"

"రెండోది మలుపులో బోల్తా కొట్టింది. డ్రైవరు చచ్చాడు. బండిని తుక్కు కింద కరిగించేశారు. కాగితాలున్నాయి."

"కాగితానిదేముంది, ఏది రాస్తే అది మోస్తుంది."

"ఒకటోదని రాయమంటున్నా."

"ఆ జాకీ రాడ్డు కింద పె... అబ్బా."

"ఇంకోటి మొహం మీద పడుతుంది."

"భుజమేగా. ఎలాగూ అరిగిపోయిందే. గీకడం ఇంకా అవలేదు నాకు."

"పెద్దమ్మా, చాలు."

"కుడిపక్క గీత లేదు. ఎడమపక్కా లేదు. పైకప్పు మీద పచ్చ నేను వేసింది వేసినట్టే ఉంది. బోల్తా కొట్టిన బండి ఇంత నున్నగా ఎలా ఉంటుంది చినబాబూ?"

"రంగులేసుకునేదానివి, నీకెందుకు?"

"ఆ డ్రైవరు నా మొగుడు."

"ఎవరు?"

"నా మొగుడు. తెలీదు కదూ? రంగులమ్మ, రంగులమ్మ అని పిలిచారే గాని, ఆవిడకో ఇల్లుందని ఎవరికి పట్టింది? శవాన్ని చూడనివ్వలేదు. మొహం మిగల్లేదన్నారు. ఈ వెనక సామాన్ల డబ్బా లోపలికి తొంగిచూడు. డ్రైవరు సీటు వైపు రేకు లోపల్నుంచి బయటికి సొట్టపోయింది. తలకాయంత. ఒకటి కాదు, నాలుగు."

"బరువులేవో తగిలుంటాయి."

"బరువులకి వెంట్రుకలుంటాయా? ఇవిగో, బూడిదరంగులో అంటుకుపోయి."

"ముసలిదానా, గొంతు నులిమేస్తా."

"ను... నులుము... వదిలేశావేం?"

"నోరు మూసుకో. కాసేపు నోరు మూసుకో."

"చంపేదేదో తర్వాత చంపుదువు గాని. ముందు ఆయన చేసిన తప్పేంటో చెప్పు."

"మలుపులో పడిపోతుంది, నేను నడపను, జనానికి అమ్మొద్దు అన్నాడు. మొహం మీదే అన్నాడు. కాలర్ పట్టుకుంటే నవ్వాడు."

"నవ్వుతాడు. కోపమొస్తే నవ్వడం ఆయన జబ్బు."

"డబ్బాలోకి తోసి తల పట్టుకుని బాదితే గాని ఆగలేదు ఆ నవ్వు. బండిని కోయిస్తే పనివాళ్లు చూస్తారని గోడ కట్టించాల్సొచ్చింది."

"మీ నాన్నకి కోపం ముక్కు మీదుండేది. నాకు తెలుసు. కానీ ఆయన పోయి పదేళ్లయింది. ఆయన పాపానికి నువ్వు ఒకడి వేళ్లు, నా భుజం విరగ్గొట్టడం దేనికి? రెండోదని ఒప్పుకో. పోయినవాణ్ణి ఇప్పుడెవరు ఉరితీస్తారు?"

"పెద్దమ్మా."

"చెప్పు."

"మా నాన్న ఆ రోజు ఊళ్లోనే లేడు."