రెండు ముళ్ళు

హలో… ఆ, నేనేనండి. నాగమణిని. నరసింహులు అక్కని… వినపడుతోంది, చెప్పండి లాయరు గారూ.

…

నూజివీడులోనే, రాఘవయ్య గారి కొట్లో. మీ ట్రంకు కాలు వస్తుందంటే పొద్దున్నించీ ఇక్కడే… లేదండి, పని చేసుకుంటూనే. మామిడికాయల గంపలకి మూతలు కడతాను. కాపు దిగే రోజులు కదండి, కూర్చుంటే ఊరుకోరు.

ఆ. ఆయనా ఇక్కడే ఉన్నారు. గల్లాపెట్టె దగ్గర.

…

రేపా? ఎల్లుండి అన్నారుగా… సరే. రేపు ఏం చేస్తారండి? చంపింది వాడేనని శుక్రవారమే తేల్చేశారుగా…

ఉరా, యావజ్జీవమా అన్నది రేపు.

…

సర్కారు వాళ్ళు ఉరే అడుగుతున్నారా.

— లేదండి, ఉన్నాను. లారీ వెనక్కి పెడుతున్నారు, ఆ చప్పుడు. చెప్పండి.

…

వాడి చిన్నతనమా. దాంతో జడ్జిగారికేం పని… ఆ… ఆ… ఎలా పెరిగాడో తెలిసినవాళ్ళు వచ్చి చెబితే వింటారు. అమ్మా నాన్నా లేరు కదండి. ఉన్నది నేనొక్కదాన్నే.

…

మామూలుగానే పెరిగాడు. మాలాంటోళ్ళ పిల్లలు ఎలా పెరుగుతారో అలానే… ఏమోనండి. అంత గుర్తులేదు.

— ఏం లేదు షావుకారు గారూ, తమ్ముడి కేసు. మీ పేరేం రాలేదు.

…

హలో. ఆయనతో అన్నానండి. మీరు చెప్పండి.

…

వాడు మీతో కూడా చెప్పలేదా? నాతోనూ అంతే. జైలుకెళ్తే గోడకేసి చూస్తాడు. ఒక గంప కాయల కోసం ఇద్దర్ని ఎందుకు పొడిచావురా అంటే పలకడు… నేను కోర్టుకొచ్చింది ఒక్కరోజే. ఆ రోజు డాక్టరు గారు మాట్లాడారు. ఇంగ్లీషులో, నాకేం అర్థం కాలేదు.

…

ఏంటండీ? మళ్ళీ చెప్పండి.

…

కాయల షెడ్డులో గంపతో పట్టుకున్నారు, సరే. గుమాస్తా నారాయణరావు గారు ఏం చేయమన్నారు?… పోలీసులొచ్చేదాకా స్తంభానికి కట్టెయ్యమన్నారా.

తాడు ఎవరు తెచ్చారు?… ఆ క్రీస్తుదాసా. ఆయనతో పాటు పోయినతను.

ఎక్కడ కట్టబోయారు? చేతులకా?…

నడుముకా.

…

గంపల తాళ్ళు కోసే కత్తి అక్కడే ఉంటుంది. ఏ షెడ్డులోనైనా అంతే. ఇక్కడా ఉంది, నా కాళ్ళ దగ్గరే…

ఒక్క నిమిషం. మంచినీళ్ళు తాగుతాను.

…

లాయరు గారూ. వాడికి మొలతాడు లేదండి.

…

లాకప్పులో తీసేయించడం కాదు. అందరికీ తీయిస్తారు, నాకూ తెలుసు. వాడికి తీయడానికే లేదు. పట్టుకున్న రోజు ఒంటిమీద ఉన్నవన్నీ రాశారు కదా, ఆ కాగితం మీ దగ్గరుందా? చదవండి… లుంగీ. చొక్కా. బీడీకట్ట. అగ్గిపెట్టె. చెప్పులు… అంతేనా? మొలతాడు రాశారా?… రాయరు. ఆ వస్తువులు ఇచ్చి నాచేత వేలిముద్ర వేయించుకున్నారు, అందుకే తెలుసు. ఏడో ఏట తెంపి బావిలో పారేశాడండి. మళ్ళీ కట్టనివ్వలేదు. పండక్కి కొత్తది తెచ్చి చూపిస్తే ఇంట్లోంచి పోయి రెండ్రోజులు రాలేదు.

…

చెప్తాను. అడక్కండి, చెప్తున్నాగా.

మా నాన్న బుచ్చయ్య ఆగిరిపల్లి తోటలో కాపలా. అక్కడ బావికి గట్టు లేదు. చంటిపిల్లలు పాక్కుంటూ పోయి పడతారని, పనిలోకి వెళ్ళే ఆడవాళ్ళు నడుముకి తాడేసి చెట్టుకి కడతారు. మా అమ్మా కట్టేది. తప్పేం కాదు, అందరూ చేసేదే. వాడికి రెండేళ్ళప్పుడు అమ్మ పోయింది. తాడు మాత్రం అలాగే ఉంది.

…

ఏడేళ్ళొచ్చేదాకా… అవునండి, ఏడు. బడి లేదు. కాపు రోజుల్లో చెట్టుకి కట్టి డబ్బా ఇచ్చేవాడు నాన్న, కోతుల్ని తోలమని. డబ్బా చప్పుడు ఆగితే వచ్చి ఆ తాడుతోనే కొట్టేవాడు. వాడు నిద్రపోతే ఆగేది. నిద్రకి కూడా కొట్టేవాడు.

…

తోట ఎవరిదంటే—

అప్పుడు కౌలు ఎవరిదంటే…

— కూర్చోండి షావుకారు గారూ, ఫోను నాకొచ్చింది.

రాఘవయ్య గారిదండి. రోజూ వచ్చి చూసేవారు. వీడు కదలడు, బాగానే కాస్తున్నాడు అనేవారు. ఒకసారి చేతిలో బెల్లం బిళ్ళ పెట్టి వెళ్ళారు… ఆ, వింటున్నారు.

…

తెంపింది ఎప్పుడంటే, ఆ ఏడు కాపు అయిపోయాక. నేను ఉంగుటూరు నాట్లకి వెళ్ళాను. అప్పుడు నాకు పద్నాలుగు. ఎనిమిది రోజుల పని. కాయలు అయిపోయాక తోటలోకి ఎవరూ రారు. నాన్న సారా కొట్టు దగ్గరే పడున్నాడు. పిల్లాణ్ణి నేను వెంట తీసుకెళ్ళాననుకున్నాడట.

…

మూడు రోజులు. వాన పడబట్టి బతికాడు. మేకలు తోలుకొచ్చిన రమణమ్మ చూసి తాడు కోసింది… లేదండి, ఆమె పోయింది.

నేనొచ్చేసరికి వాడి గొంతు పోయి ఉంది. ఒంటినిండా వాతలు… ఆ, నాన్నే. పిలిస్తే వచ్చేవాణ్ణిగా, ఎందుకు పిలవలేదురా అని కొట్టాడట. పిలిచి పిలిచే గొంతు పోయింది వాడికి.

…

అప్పట్నించీ వాడు ఎవర్నీ ఏదీ అడగలేదండి. అన్నం కూడా అడగడు. కావాలంటే తీసుకుంటాడు. దొంగ అన్నారు. దొంగే. పదకొండో ఏట చెప్పులు, తర్వాత సైకిలు, తర్వాత మీకు తెలిసిందే.

— అమ్మా ఆపరేటరు గారూ, కట్ చేయొద్దు. లాయరు గారూ, ఇంకో మూడు నిమిషాలు కావాలని చెప్పండి… చెప్పారా.

…

వాడు మంచోడని నేను చెప్పలేను. నారాయణరావు గారింటికి వెళ్ళాను. ఆయన భార్య కమల గారు తలుపు తీసి, నన్ను చూసి మళ్ళీ వేసేసింది. గంటసేపు అరుగు మీద కూర్చుని వచ్చేశాను. క్రీస్తుదాసు వాళ్ళింటికైతే వెళ్ళలేకపోయాను.

…

ఇవన్నీ రేపు కోర్టులో చెప్పాలా. బోనెక్కి.

…

వాడు ఉంటాడా అక్కడ? నా ఎదురుగానా?

…

ఎవరు కట్టారని అడుగుతారా సర్కారు లాయరు?… మా నాన్న అంటాను… నాన్నే కదండి, రోజూ కట్టింది…

ఆ నాట్లప్పుడా.

…

ఆ పొద్దున నాన్న లేవలేదు. ట్రాక్టరు వచ్చేసింది, ఆడవాళ్ళందరూ ఎక్కేశారు. వాడు నా వెనకాలే పరిగెత్తుకొస్తున్నాడు. బావి పక్కనుంచే దారి. వెనక్కి తీసుకెళ్ళి కట్టాను. నాన్న లేస్తే విప్పుతాడనుకున్నాను. ఒక్క ముడి చాలక్కా, అన్నాడు. ఒక్కటైతే వాడికి విప్పడం వచ్చు. విప్పుకుని వెనకాలే వస్తాడని రెండు వేశాను.

…

లేదండి. ఎవరికీ. పదిహేడేళ్ళయింది… వాడూ చెప్పలేదు. నాన్న అంత కొట్టినా అక్క కట్టిందని అనలేదు.

…

చెప్తాను. అడక్కముందే చెప్తాను. నాన్న కాదు, నేనే అని. వాడికీ వినపడాలి కదా, అక్కడే ఉంటాడన్నారుగా… తొలి బస్సుకి వస్తాను. కోర్టు గేటు దగ్గర— హలో… లాయరు గారూ… హలో.

కట్టయింది.

…

ఇదిగో, పెట్టేశానండి షావుకారు గారూ… విన్నారుగా, అదే చెప్పాను… ఆ, అడిగితే అక్కడా చెప్తాను, తోట మీదని… మీ ఇష్టం. పనిలోకి రావొద్దంటే మానేస్తాను.

…

ఊడకుండా కడతాననేగా నన్ను పెట్టుకున్నారు. మిగిలిన గంపలు ఇంకెవరిచేతనైనా కట్టించుకోండి.