ఖాళీ గడి

పంపుహౌసులో పదకొండేళ్లుగా టెంపరరీగా పనిచేస్తున్న మనిషి, ఈ ఏడే కాలేజీలో చేరిన అతని కూతురు. ఇద్దరి మధ్య చాప మీద ఒక మెమో, ఒక తెల్ల కాగితం. మధ్యాహ్నం మూడున్నర.

“అలా కాదు నాన్నా. ‘అయ్యా, తమరు దయతలచి’ అని మొదలుపెట్టకూడదు.”

“ఏం, దయ తలచొద్దా ఆయన?”

“తలుస్తాడులే. ముందు మనం చెప్పదలచుకున్న మాట చెప్పాలి. ఒక్కటే మాట. అది వాదన. దాని కింద ఆధారం. ఆ తర్వాత, ఆ ఆధారం ఈ మాటని ఎలా నిలబెడుతుందో చెప్పాలి. అది తర్కం. మూడూ ఉంటేనే పేరా. మా సారు రోజూ ఇదే రాయిస్తాడు.”

“రోజూ ఇదేనా? ఇంకేం రాయించడా?”

“నవ్వకు. ఐదింటికి అటెండరు బాబాయ్ వస్తానని పక్కింట్లో చెప్పి పోయాడుగా. నిన్నటి మెమో మళ్లీ చదువుతా విను. ‘పదిహేడవ తేదీన హాజరు రిజిస్టరులో మీ సంతకం లేదు. కారణం తెలుపుతూ రేపు సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వవలెను. లేనిచో తగు చర్య తీసుకోబడును.’”

“తగు చర్య అంటే ఇంటికి పొమ్మని.”

“అలా రాయలేదుగా.”

“టెంపరరీ వాడికి అది కూడా రాయాలా? సరే కానీ. రాయి.”

“పదిహేడున పనికి వెళ్లావా, లేదా?”

“వెళ్లా.”

“ఏం చేశావ్?”

“పెద్ద వాల్వు పగిలింది. మూశా.”

“‘మూశా’ అంట! పొద్దున పోయినవాడివి చీకటి పడ్డాక వచ్చావ్. చెవుల్లో కూడా బురదే. నువ్వు మూయకపోతే కింది నాలుగు వీధులూ మునిగేవని అమ్మ చెప్పింది.”

“మునిగేవి.”

“ఇదిగో రాస్తున్నా. ‘పదిహేడవ తేదీన నేను విధుల్లో ఉన్నాను.’ వాదన అయింది. ఆధారం చెప్పు. నిన్ను చూసినవాళ్లెవరు?”

“కాపలా ముసలాయన. ఆయనేగా కబురు పెట్టింది.”

“ఇంకేం మరి! ఆయన చేత ఒక ముక్క...”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పే జబ్బు. నేనొక్కడినే ఉన్నానని చెప్పేస్తాడు.”

“మనక్కావలసింది అదేగా.”

“షిఫ్టులో ఐదుగురం.”

“మిగతా నలుగురూ ఏరీ?”

“రిజిస్టరులో ఉన్నారు.”

“రిజిస్టరులో ఉంటే మరి... ఓహో. పంపుహౌసులో లేరా?”

“ఆ మంచినీళ్లు ఇటందుకో.”

“నాన్నా!”

“పిల్లలు గలవాళ్లమ్మా. వాళ్ల ఊసు రానీయకు.”

“నీకేమో నేను పిల్లని కాదు! సరే, ముసలాయన్ని వదిలేద్దాం. అవునూ, కబురు పెట్టడమేంటి? నువ్వు డ్యూటీలోనే ఉన్నావుగా?”

“ఆ రోజు సెలవనుకున్నా. పన్ను పీకించుకుందామని.”

“పీకించుకున్నావా?”

“ఎక్కడ! చెప్పులు వేసుకుంటుంటే కబురొచ్చింది. ఇదిగో, ఇంకా ఇక్కడే ఉంది. రాత్రంతా సలుపు.”

“ఉండుండు. అదే ఆధారం! పన్ను! పీకించుకోవాల్సిన మనిషి పీకించుకోలేదంటే ఇంకెక్కడికో పోయినట్టేగా. సెలవు చీటీ ఇచ్చావా?”

“మాకు చీటీలుండవు. రిజిస్టరులో ఆ తేదీ గడి ఖాళీగా వదిలేస్తాం. అదే సెలవు.”

“ఎప్పుడు వదిలావ్?”

“ఒకటో తారీఖున.”

“పదిహేడో తారీఖు గడి ఒకటో తారీఖున ఎలా వదులుతావ్?”

“మిగతావి పెట్టేటప్పుడు.”

“మిగతావి అంటే?”

“నెలంతా.”

“నెలంతానా! ఒక్కరోజే కూర్చుని ముప్పై సంతకాలా?”

“అందరం అంతే. వరసగా కూర్చుని పెట్టేస్తాం. రోజూ రిజిస్టరు వెతుక్కుంటూ ఎవడు తిరుగుతాడు, అది బీరువాలో ఉంటుంది.”

“మధ్యలో జ్వరమొస్తే?”

“వచ్చినా సంతకం ఉంటుందిగా.”

“ఆఫీసరు చూడడా నాన్నా?”

“చూస్తాడు. రెండో తారీఖున చూస్తాడు. ‘సరిచూడబడినది’ అని ఆయనా నెలంతటికీ పెట్టేస్తాడు.”

“అమ్మ బాబోయ్. పోనీ, పదిహేడు సాయంత్రం పోయి ఆ ఒక్క గడిలోనూ పెట్టేసి రాకపోయావా?”

“తర్వాత పెడితే దొంగసంతకం కాదూ?”

“మరి మిగతా ముప్పై?”

“అవి వరసలో పెట్టినవి.”

“నాకు తల తిరుగుతోంది. అంటే నువ్వు ఉన్న రోజూ సంతకం ఉంది, లేని రోజూ సంతకం ఉంది. ఒళ్లు హూనం చేసుకుని పనిచేసిన రోజున మాత్రం లేదు. కాబట్టి మీ పంపుహౌసులో సంతకం చూసి మనిషి ఉన్నాడో లేడో చెప్పలేం. తర్కం కుదిరింది నాన్నా!”

“బాగా కుదిరింది. ఇది చదివితే ఐదుగురం పోతాం. వెనకాలే ఆఫీసరు.”

“అదే వచ్చిన చిక్కు. వాదన ఒక్క రోజుది, ఆధారమేమో నెలంతా లాక్కొస్తోంది.”

“నేనో మాట చెప్పనా?”

“చెప్పు.”

“‘పదిహేడున నేను పనికి రాలేదు’ అని రాయి.”

“వచ్చావుగా!”

“ఆధారమేదని అడుగు.”

“...ఏది?”

“ఖాళీ గడి. వాళ్ల రిజిస్టరులోనే ఉంది. మనం కల్పించింది కాదు.”

“తర్కం?”

“వచ్చేవాడు సంతకం పెడతాడు. ఈ మనిషి నెలంతా పెట్టాడు. ఆ ఒక్కరోజూ పెట్టలేదు. కాబట్టి రాలేదు. ఎక్కడైనా వదులుగా ఉందా చూడు.”

“లేదు. ఎక్కడా లేదు. మా సారు చూస్తే బోర్డు మీద రాయిస్తాడు. అబద్ధం, అదొక్కటే.”

“మీ సారు మూడే అన్నాడుగా. నిజం నాలుగోదని చెప్పలేదే.”

“తీసేస్తే?”

“ఒక్కరోజు రాలేదని తీసేయరు. ఆ రోజు జీతం కోస్తారు, ఓ కేక వేస్తారు. ముప్పై రోజుల సంగతి బయటపడితేనే తీసేస్తారు. పన్ను నొప్పి అని కూడా రాయి, జాలిపడతారు.”

“పేరాలో జాలికి చోటుండదు నాన్నా.”

“నొప్పికుంటుందిలే. రాయి.”

“‘తీవ్రమైన పంటి నొప్పి కారణంగా పదిహేడవ తేదీన నేను విధులకు హాజరు కాలేదు. సదరు తేదీన రిజిస్టరులో నా సంతకం లేకపోవడమే ఇందుకు ఆధారం. మిగతా అన్ని తేదీల్లో క్రమం తప్పక సంతకం చేసిన నేను...’ ఇదిగో, ఇక్కడ పెట్టు. మెల్లగా! ఒక్కటే పెట్టు, వరసగా పెట్టేయకు.”

“అన్నా! ఉన్నావా? నిన్న వస్తే తాళం వేసుంది. మెమో తలుపు సందులోంచి తోసేసి పోయా. రాశారా?”

“రా తమ్ముడూ, కూర్చో.”

“కూర్చుంటే ఆఫీసు మూసేస్తారు. ముద్ర సంచీలోనే తెచ్చుకున్నా, ఇక్కడే నంబరు వేసేస్తే ఓ పనైపోతుంది. ఏదీ, ఇటివ్వమ్మా. ఆ... పడింది. ఇక దీన్ని పుట్టించినవాడు కూడా మార్చలేడు.”

“చదవకుండానే వేసేశావేంటి బాబాయ్?”

“ముద్ర వేయడమే నా పనమ్మా, చదవడం పైవాళ్లది. అయినా చదవడానికేముంది, రాసింది చదువుకున్న పిల్లాయె. బాగా వివరంగా రాశావా?”

“చాలా పద్ధతిగా రాశా. నాన్న పదిహేడున పనికి రాలేదని.”

“రాలేదనా?”

“ఆధారంతో సహా.”

“నువ్వు చెప్పన్నా. నిజంగా రాలేదా?”

“రాసింది కదా తమ్ముడూ.”

“అయ్యో రాత! మరి నేనింకోలా అనుకున్నానే.”

“ఎలా అనుకున్నావ్ బాబాయ్? మెమోలో తగు చర్య అని ఉందిగా!”

“అది అచ్చేసిన ఫారమమ్మా. మంచికడిగినా చెడుకడిగినా మా దగ్గరున్నది అదొక్కటే.”

“మంచికా? మంచికేం అడుగుతారు?”

“ఆ వాల్వు మూసింది నేనే అంటే నేనే అని మీ నాన్న షిఫ్టులో నలుగురూ తలా ఒక అర్జీ పెట్టారు, కొత్త ఇంజనీరు రిజిస్టరు తెప్పించుకుని చూసి ఒకటే నవ్వు, ‘రోజంతా నీళ్లలో ఉన్నవాడికి సంతకం పెట్టే తీరికెక్కడిది, ఆ ఖాళీ గడివాణ్ణి అడగండి, నేనే అని ఒక్క ముక్క రాసిస్తే పర్మనెంటు చేసేద్దాం’ అన్నాడు.”