పలక ముక్కల ఇల్లు

మార్కాపురం శివారు కాలనీ. సెంటున్నర స్థలంలో, కట్టబోయే ఇంటి గోడలకు గుర్తుగా నేల మీద పలక ముక్కలు పరిచి ఉన్నాయి. ఇంజనీరు వసుంధర, తాపీ పని చేసే బేల్దారి బ్రహ్మం, అతని తల్లి పోలమ్మ నిలబడి ఉన్నారు. బ్రహ్మం భార్య యల్లమ్మ ఒక మూల కూర్చుని ఉంది.

“మళ్లీ ఎవరు జరిపినారు ఈ వెనక పలక? ఏమే యల్లమ్మా, నువ్వేనా? ఇదో, మళ్లీ పెట్టేసినా, ముట్టుకోమాక.”

“జరపనీయండి బ్రహ్మం గారూ. ఎవరిల్లు వాళ్లు తిరిగి చూసుకుని మార్చుకోవాలనే గదా పలకలు పరిచింది. యల్లమ్మా, ఇక్కడ తలుపు కావాలా నీకు?”

“దానికేం తెలుసు మేడమ్? ముందర తలుపుంది గదా, చాలు.”

“నేను ఆమెనడుగుతున్నా.”

“ఆమెనడిగేదేంది? ఇల్లు నాది.”

“పట్టా ఆమె పేరు మీద ఉంది.”

“పేరు ఆమెది, ఇల్లు నాది. కిటికీ గూడా పైకి పెట్టండి, రోడ్డు కనపడకుండా.”

“అంత పైకా? గాలి ఎట్ల వస్తుంది? పెద్దమ్మా, మీరన్నా చెప్పండి.”

“నా కొడుకు చెప్పినట్టే కానీలే తల్లీ. మొగోడు, వానికి తెల్దా?”

“విన్నారా? అదీ మా యమ్మంటే! ఒకటే తలుపు, గడియ బయట. నేను పనికి దర్శికి పోతా, ముండ్లమూరికి పోతా. తాళం వేసి పోతే నాకు నిమ్మళం.”

“లోపల మనిషుండగానా?”

“లోపల మనిషుందనే గదా మేడమ్ తాళం!”

“యల్లమ్మా, నువ్వేమంటావు?”

“చూడండి, ఏమన్నా అంటదేమో. అనదు.”

“ఒరే నాయనా, నాదొక మాట. నా మంచం కాడ వెనక తలుపు కావాల్రా.”

“నీకెందుకే?”

“ఎందుకంటాడేంది! మరుగుదొడ్డి వెనక కడతా ఉంటిరి. ఈ మోకాళ్లతో ఇల్లు చుట్టి పోవాల్నా? వద్దంటే చెప్పు, మంచంలోనే కానిస్తా. నువ్వే ఎత్తిపోద్దువు.”

“ఛీ, ఆపమ్మా, మేడమ్ ముందర! సరే మేడమ్, పెట్టండి ముసల్దాని తలుపు. ఫోనొస్తా ఉంది, ఆగండి. హలో, ఆఁ, మేస్త్రీ...”

“పోయినాడా తల్లీ?”

“రోడ్డు మీదికి పోయినాడు. పెద్దమ్మా, మోకాళ్ల నొప్పులంటున్నారు గదా, మెట్టు లేకుండా వాలుగా వేయిస్తా.”

“నా మోకాళ్లకేమైంది? నిన్న మిరపకాయ కోతకు పోయొచ్చినా.”

“మరి?”

“యల్లమ్మా, ఏడవమాక. లేచి రా. ఆ వెనక పలక తియ్యి.”

“అత్తా...”

“నువ్వే తియ్యి. తల్లీ, ఆ తలుపుకు గడియ లోపల్నే పెట్టు, బయట ఏమీ వద్దు. వాని నాయన కట్టిన ఇంట్లో నాకు గడియ బయటే ఉండింది.”